పెద్దల మరపు: ఇంటివారి పని

కోదాడకు సమీపమున, అనంతగిరి మండలములోని ఒక పల్లెలో మా మేనత్త ఉండెడిది. ఆమె బడి మొగము చూచినది కాదు. అయినను ముప్పది యేండ్లు నాలుగు బర్రెల పాడిని, పదునెనిమిది ఇండ్ల పాలవాడుకను ఒక్కతియే నడపెను. లెక్క యంతయు వంటయింటి గోడమీద సుద్దముక్కతో గీచిన గీతలే. ఇంటికొక వరుస, పూటకొక గీత, అయిదవ గీత అడ్డముగా. నెలాఖరున ఆమె ఆ గోడయెదుట నిలిచి చెప్పిన లెక్కను తప్పుపట్టినవారు లేరు.

ఆమెకు డెబ్బది రెండవ యేడు నడచుచుండగా కూరలో ఉప్పు రెండుసార్లు పడసాగెను. ప్రొద్దున అడిగిన మాటనే మధ్యాహ్నములోగా నాలుగు మారులు అడుగుచుండెను. ఒకనాడు పాలు పొయ్యిమీద పెట్టి మరచిపోగా గిన్నె మాడి ఇల్లంతయు పొగ నిండెను. మేము భయపడితిమి. ఆ భయముతోనే ఆమె చేతినుండి పొయ్యిని, తాళపుచెవులను, చివరకు పాలలెక్కను కూడ తీసికొంటిమి. "నువ్వు కూసో అత్తమ్మా, మేము చేసుకుంటం" అంటిమి. పండుగకు గోడలన్నిటికి సున్నము వేయించితిమి. గీతలు పోయినవి. ఏడాది తిరుగకముందే ఆమె అరుగుమీద మాటలేక కూర్చుండు మనిషి అయ్యెను. వయస్సు వచ్చినది, మరపు వచ్చినది, సహజమే కదా యని మాకు మేము సర్దిచెప్పుకొంటిమి.

ఆ సర్దుబాటు తప్పని మాకు ఆలస్యముగా తెలిసినది. అట్టి తప్పు మరియొక ఇంట జరుగకుండవలెనని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము. వార్ధక్యములో మనస్సు సన్నగిల్లిన వారికి మనము చేయదగిన సహాయము, పనులన్నిటిని వారి చేతినుండి తీసివేయుట కాదు. వారియందు మిగిలియున్న శక్తి యేదో కనిపెట్టి, దాని ఆధారమున ఒకటి రెండు పనులనైనను మరల నిలబెట్టుట. వైద్యులు దీనినే జ్ఞానశక్తుల పునరుద్ధరణమని వ్యవహరించుచున్నారు.

మొదట మరపును గూర్చియే కొంత తెలిసికొనవలెను. మరపంతయు ఒక జాతి కాదు. పేరు నాలుకమీద ఉండి వెంటనే రాకపోవుట, కళ్ళజోడు ఎక్కడ పెట్టితిమో అని వెదకుట వయస్సుతో అందరికి వచ్చునవి. కొంతసేపటికి పేరు తట్టును, కళ్ళజోడు దొరకును. వ్యాధి మరపు వేరు. తాళపుచెవి ఎక్కడ పెట్టితినో మరచుట మామూలు మరపు. తాళపుచెవి దేనికొరకో మరచుట వ్యాధి లక్షణము. నలుబది యేండ్లుగా పోవుచున్న సంతదారిలో త్రోవ తప్పుట, చేయి తిరిగిన వంటలో ఏది ముందో ఏది వెనుకో తెలియకపోవుట, చిల్లర లెక్కలో తికమకపడుట, శాంతస్వభావులు అకారణముగా అనుమానించుట కనిపించినప్పుడు దానిని చాదస్తమని కొట్టివేయరాదు. ఈ విధమగు క్షీణత దినకృత్యములకు అడ్డువచ్చు స్థితికి చేరినప్పుడు దానిని డిమెన్షియా అందురు. దానికి గల కారణములలో అధికముగా కనిపించునది అల్జీమర్ వ్యాధి. జర్మను వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో దీనిని మొదటిసారి వర్ణించెను. మెదడులోని రక్తనాళములు పూడిపోవుటవలన వచ్చు డిమెన్షియా మరియొకటి. ఒక్కొక్కరిలో ఈ రెండును కలిసియే ఉండును.

ఇది పట్టణములవారి జబ్బని, చదువుకొన్నవారి జబ్బని మన పల్లెలలో ఒక అపోహ కలదు. మన దేశములో వృద్ధుల మానసిక స్థితిని గూర్చి జరిగిన విస్తృతమైన పరిశీలనము యొక్క ఫలితములు 2023లో వెలువడినవి. అరువది యేండ్లు దాటిన వారిలో నూటికి 7.4 మందికి ఈ వ్యాధి ఉన్నదని, దేశమంతట అట్టివారు సుమారు 88 లక్షలుందురని అందు అంచనా వేసిరి. పట్టణములలో నూటికి 5.3 కాగా పల్లెలలో 8.4. పురుషులలో 5.8 కాగా స్త్రీలలో 9. అనగా బడికి పోని పల్లెటూరి ముసలమ్మయే ఈ వ్యాధికి ఎక్కువగా గురియగుచున్నది. ఆమెను గూర్చియే మనము అందరికంటె తక్కువగా ఆలోచించుచున్నాము.

మరపు కనిపించినవెంటనే చేయవలసిన మొదటి పని వైద్యపరీక్ష. ఏలయన డిమెన్షియావలె కనిపించి, చికిత్సతో తగ్గు కారణములు కొన్ని కలవు. థైరాయిడ్ గ్రంథి మందగించినను, బి12 విటమిను తక్కువైనను మతి మందగించును. జారిపడినప్పుడు తలకు తగిలిన దెబ్బవలన మెదడుపై నెత్తురు మెల్లమెల్లగా చేరి, వారముల తరువాత మరపుగా బయటపడవచ్చును. నిద్రమాత్రలు, మరికొన్ని మందులు వృద్ధులను తికమకపెట్టును. భర్త పోయిన దుఃఖము, ఒంటరితనము వలన కలిగిన దిగులుకూడ మరపు వేషము వేసికొని వచ్చును. వీనిని రక్తపరీక్షతోను, ఓపికగా విని తెలిసికొనుటతోను చాలవరకు గుర్తింపవచ్చును. వయస్సే కారణమని ఇంటిలో కూర్చున్నచో నయము కాగల జబ్బును కూడ నయము కానిదిగా చేసినవారమగుదుము.

చెవిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. ఈ పత్రిక చదువు ఇండ్లలో రేడియో ఉండును. ఇంటి పెద్ద దినదినము దాని చప్పుడు పెంచుచున్నారా, గమనించుడు. చెవి వినిపించనివారు మాట అందక ముందుగా సంభాషణనుండి తప్పుకొందురు; సంభాషణ లేనిచో మెదడునకు పని తగ్గును. నివారింపదగిన కారణములను గూర్చి లాన్సెట్ అను వైద్యపత్రిక నియమించిన నిపుణులసంఘము 2024లో ఒక నివేదికను ప్రకటించినది. అందు పదునాలుగు కారణములను పేర్కొని, వానినన్నిటిని అదుపులో నుంచగలిగినచో ప్రపంచములోని డిమెన్షియాలో ఇంచుమించు నూటికి 45 వంతులను ఆపుటకో, వాయిదా వేయుటకో వీలగునని చెప్పిరి. వినికిడిలోపము, రక్తపుపోటు, చక్కెరవ్యాధి, పొగత్రాగుట, చికిత్స లేని చూపులోపము, ఒంటరితనము, శరీరశ్రమ లేకపోవుట అందు కలవు. శుక్లము తీయించుట, చెవియంత్రము పెట్టించుట, రక్తపుపోటు మాత్ర మానకుండ వేయించుట కూడ మనస్సును కాపాడు పనులేయని దీని భావము.

పరీక్ష అనగానే మరియొక చిక్కు వచ్చును. నేటి తేదీ యెంత, నూరు నుండి ఏడు తీసివేసికొనుచు పొమ్ము అని అడుగు ప్రశ్నలు చదువుకొన్నవారికొరకు కట్టినవి. అమావాస్య, పున్నమలతో కాలమును లెక్కించు మనిషికి అవి న్యాయము చేయవు. ఈ లోపమును మన వైద్యులు గుర్తించిరి. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ, అనగా నిమ్స్, ఆంగ్లదేశపు పరీక్షను తెలుగువారికి తగినట్లు మార్చి వాడినది. భారత వైద్య పరిశోధన మండలి పూనికతో తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడము, మలయాళములలో మనవారికి సరిపడు పరీక్షల సంపుటి తయారైనది. వ్యక్తి బ్రతికిన బ్రతుకునుబట్టి అడుగవలెను గాని, పుస్తకమునుబట్టి అడుగరాదు.

నిమ్స్ పేరు చెప్పితిమి గనుక అక్కడ జరిగిన ఒక ప్రసిద్ధ పరిశోధనమును మన ప్రాంతమువారు తెలిసికొనదగును. డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు అక్కడ చికిత్సకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరములను పరిశీలించి 2013లో ప్రకటించిరి. వారిలో 391 మంది రెండు లేక అంతకు మించిన భాషలు మాటలాడువారు. ఒకే భాష తెలిసినవారికంటె వీరికి వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా మొదలైనట్లు కనుగొనిరి. చదువురాని వారిలో కూడ ఈ భేదము కనిపించుట విశేషము. చదువువలన కలిగిన లాభమును భాషవలన కలిగినదని పొరబడితిమేమో అను సందేహము దానితో చాలవరకు తొలగినది. హైదరాబాదు సంస్థానమున ఉర్దూలో చదువుకొని ఇంట తెలుగు మాటలాడిన పెద్దలు, తండాలో లంబాడీ మాటలాడి అంగడిలో తెలుగు మాటలాడు అక్కలు మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో పెక్కుమంది. రెండవ భాష వ్యాధిని రాకుండ ఆపునని దీని అర్థము కాదు. ఒక మాటను అణచి వేరొక మాటను ఎన్నుకొను నిత్యసాధనము మెదడునకు కొంత నిలువ సంపాదించి పెట్టునని, ఆ నిలువ కరవుకాలములో అక్కరకు వచ్చునని పరిశోధకుల ఊహ. మనుమలు పట్నపు భాష మాటలాడుదురని ఇంటి పెద్దలు తమ రెండవ భాషను మూలబెట్టనక్కరలేదు.

ఇక అసలు విషయమునకు వత్తుము. మనస్సునకు చేయించు సాధనములు మూడు విధములు. మూడింటికి ఫలములు వేరు. వానిని ఒకటిగా కలిపి చెప్పువారి మాట నమ్మరాదు.

మొదటిది శిక్షణము. ఆరోగ్యముగా నున్న వృద్ధులకు జ్ఞాపకమునో, తర్కమునో, చూపు చురుకునో పెంపొందించుటకు పాఠములు చెప్పుట. అమెరికాలో 65 ఏండ్లు దాటిన 2832 మందిపై జరిగిన పెద్ద ప్రయోగము ఫలితములు 2002లో వెలువడినవి. జ్ఞాపకమునకు పాఠము నేర్చినవారికి జ్ఞాపకమే మెరుగైనది, తర్కమునకు నేర్చినవారికి తర్కమే మెరుగైనది. ఒకదాని మెరుగు మరియొకదానికి ప్రాకలేదు. కనుక ఫోనులో బొమ్మలాట ఆడినచో బుద్ధియంతయు పదునెక్కునను ప్రకటనలను చూచి డబ్బు పోయనక్కరలేదు. ఫిన్లాండులో 60 నుండి 77 ఏండ్ల మధ్యనున్న 1260 మందిపై జరిగి 2015లో వెల్లడియైన ప్రయోగములో ఆహారము, వ్యాయామము, మనస్సుకు సాధనము, రక్తపుపోటు వంటివాని అదుపు అను నాలుగింటిని కలిపి రెండేండ్లు నడపగా కొలదిగానైనను స్పష్టమైన లాభము కనిపించినది. మందు ఒక్కటి కాదు, నడవడి అంతయు అని దాని సారము.

రెండవది ఉత్తేజనము. వ్యాధి సోకినవారిని నలుగురిని ఒకచోట చేర్చి, ఆటతోను మాటతోను మనస్సును మేల్కొలుపుట. ఇంగ్లండులో 201 మందితో జరిపి 2003లో ప్రకటించిన ప్రయోగములో ఇది పదునాలుగు కూటములుగా, వారమునకు రెండుమారులు నడచినది. పాల్గొన్నవారి జ్ఞానశక్తియు, తృప్తియు కొంత మెరుగైనవి. చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ ఈ పద్ధతిని తమిళులకు అనువుగా మలచినది.

మూడవది పునరుద్ధరణము. ఇక్కడ జ్ఞాపకశక్తిని పెంచుదుమను ప్రతిజ్ఞ లేదు. రోగి తానై కోరుకొన్న ఒక పనిని ఎంచుకొని, దానిని మరల చేయుటకు దారి వేయుట మాత్రమే. ఇంగ్లండు, వేల్సు దేశములలో లిండా క్లేర్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు నడపిన ప్రయోగము ఫలితములు 2019లో వెలువడినవి. 475 మంది పాల్గొనిరి. మూడు నెలలలో పది మారులు శిక్షకులు ఇంటికే పోయి నేర్పిరి. ఎన్నుకొన్న పనులలో రోగులు మెరుగుపడిరని రోగులును చెప్పిరి, ఇంటివారును చెప్పిరి. తొమ్మిది నెలలకు కూడ ఆ మెరుగు నిలిచినది. జ్ఞాపక పరీక్షలలో మాత్రము మార్పు లేదు. ఈ రెండు మాటలను కలిపి వినవలెను. వ్యాధి తగ్గలేదు, బ్రతుకు కొంత చేతికి వచ్చినది.

ఇది యెట్లు సాధ్యమగును? జ్ఞాపకము ఒకే పెట్టె కాదు. నిన్న ఏమి తింటిమో, ఎవరు వచ్చిరో అను క్రొత్త సంగతులను భద్రపరచు మెదడుభాగము హిప్పోకాంపస్. అల్జీమర్ వ్యాధి తొలుతనే దానిని దెబ్బతీయును. చేతికి అలవడిన నేర్పులు, అనగా బియ్యము చెరుగుట, పూలు గ్రుచ్చుట, చాయ కాచుట, వేరుభాగములలో నిలిచి ఎక్కువకాలము నిలుచును. మొదటి పెట్టె చిల్లిపడినప్పుడు దానిలోనే మరల మరల పోయుట వృథా. రెండవ పెట్టెలో దాచుటయే ఉపాయము.

మా ఇంట జరిగినది చెప్పెదము. మేనత్త కుమారుడు ఆమెను సుమారు 180 కిలోమీటర్ల దూరములోని హైదరాబాదునకు తీసికొనిపోయెను. ఒక ఆసుపత్రిలో పరీక్షలన్నియు చేసిరి. నయము కాగల కారణము దొరకలేదు. తొలిదశలోని డిమెన్షియాయని తేల్చిరి. ఒక మాత్ర వ్రాసి, దానివలన కొంతకాలము కొంత మేలు కలుగవచ్చునని, వ్యాధి మాత్రము ఆగదని దాపరికము లేక చెప్పిరి. తరువాత దినచర్యలు నేర్పు శిక్షకురాలు ఒకతె మమ్ముల నెవ్వరిని పలుకరింపక, మేనత్తనే అడిగెను. "అమ్మా, మళ్ళ ఏ పని చేయాలని ఉన్నది నీకు?" ఏడాదిగా ఆమెను ఎవ్వరును అట్లు అడుగలేదు. ఆమె చాలసేపు ఊరకుండి, "పొద్దుగాల చాయ నేనే పెట్టుకోవాలె. పాలలెక్క నేనే చూడాలె" అనెను. మేము తలలు వంచుకొంటిమి.

ఇంటికి వచ్చి చాయతో మొదలుపెట్టితిమి. గిన్నె, చాయపత్తి, చక్కెర, వడపోత, గ్లాసు అన్నియు ఒకే పళ్ళెములో, ఒకేచోట, అవి వాడు వరుసలో. పనిని అయిదు మెట్లుగా విరిచితిమి. మొదట కోడలు ప్రక్కన నిలిచి ప్రతి మెట్టును చేసి చూపును; తరువాత చేయి తాకి గుర్తుచేయును; పిదప చూపుతో మాత్రమే; చివరకు గడపవద్ద నిలుచును. ఎక్కడనైనను తడబడునను అనుమానము తోచినచో తప్పు జరుగకముందే అందించును. ఏలయన ఈ వ్యాధిలో చేసిన తప్పుకూడ అలవాటుగా పాతుకొనును. తప్పునుండి నేర్చుకొనుట ఆరోగ్యవంతులకు చెల్లును గాని వీరికి చెల్లదు. గ్యాసు సిలిండరు మీట కట్టివేయు బాధ్యతమాత్రము కోడలు ఎన్నడును విడువలేదు. పని తిరిగి ఇచ్చుటయనగా అపాయమును ఇచ్చుట కాదు.

మాత్రల డబ్బా ఎక్కడనున్నదో గుర్తుంచుకొనుటకు మరియొక ఉపాయము నేర్పిరి. "మాత్రలెక్కడ?" అని అడిగి, "దేవుని గూటికింద" అని ఆమెచే అనిపింపవలెను. ఒక నిమిషము తరువాత మరల, రెండు నిమిషములకు, నాలుగింటికి, ఎనిమిదింటికి, ఇట్లు ఎడము పెంచుకొనుచు పోవలెను. తడబడినచో జవాబు చెప్పి, వెనుకటి ఎడమునకు తిరిగి రావలెను. మన బడులలో ఎక్కములను అప్పజెప్పించుటలోను ఈ సూత్రమే కలదు. చదువుటకంటె అప్పజెప్పుటయే మాటను మనస్సులో నాటును. అయితే ఇది పరీక్షగా మారరాదు. మాటల మధ్య, చిక్కుడుకాయలు వలుచుచు అడుగవలెను.

పాలలెక్కకు మేము ఏమియు కనిపెట్టనక్కరలేకపోయెను. సున్నము వేసిన ఆ గోడమీదనే ఆమె చేతికి సుద్దముక్క ఇచ్చితిమి. బర్రెలు అప్పటికి ఒక్కటియే మిగిలినది, వాడుక మూడిండ్లు. ఆమె ఏ మాటయు అడుగక మూడు వరుసలు పెట్టి గీత గీచెను. బయట వ్రాసి పెట్టుకొను గుర్తులే జ్ఞాపకమునకు చేతికఱ్ఱలని నేటి వైద్యులు చెప్పుచున్నారు. మా మేనత్తకు అది ముప్పది యేండ్లుగా తెలిసిన విద్య. మేమే దానిమీద సున్నము పూసితిమి.

మూడు నెలలకు ఆమె తన చాయ తాను కాచుకొనెను. మాటలు మరల వచ్చినవి. కోడలితో తగవులు కూడ వచ్చినవి, మేము సంతోషించితిమి. మనుమల పేర్లు మాత్రము తిరిగి రాలేదు. రెండేండ్ల తరువాత చాయ కాచుటయు పోయెను, లెక్క కూడుటయు పోయెను. గీత గీచుట కడవరకు నిలిచినది. వ్యాధిని గెలిచితిమని చెప్పము. ఆ రెండేండ్లు ఆమె ఆ ఇంటి మనిషిగా బ్రతికినది. లేనిచో ఆ రెండేండ్లును అరుగుమీద పోయెడివి.

ఒక్క ఇంటిలో చేయలేని దానిని ఊరు చేయగలదు. ఉత్తేజనమను పద్ధతికి భవనము అక్కరలేదు. వేపచెట్టు నీడ, ఆరేడుగురు పెద్దలు, ఓపిక గల ఒక యువకుడో యువతియో చాలును. వారమునకు రెండుమారులు, ముప్పావు గంట. దానికొక నియమము కలదు: సంగతి అడుగరాదు, అభిప్రాయము అడుగవలెను. "సాగర్ కాలువ ఏ సంవత్సరములో వచ్చినది?" అనినచో గుర్తురానివారు సిగ్గుపడి మూగబోవుదురు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న పునాది పడెనని, 1967లో కాలువలకు నీరు విడిచిరని మనము పుస్తకములో చూచుకొనవచ్చును. "కాలువ రాకముందు జొన్నరొట్టె బాగుండెనా, వచ్చిన తరువాత వరియన్నము బాగున్నదా?" అని అడుగుడు. దీనికి తప్పు జవాబు లేదు. ఒకరు జొన్నను పొగడుదురు, ఒకరు కాదందురు, మూడవవారు ఆనాటి పచ్చిపులుసును తెచ్చి మధ్య పెట్టుదురు. చేతికి చింతపండో, దూదిపింజయో, పాత విసనకఱ్ఱయో ఇచ్చినచో మాటకు దారి ఇంకను తెరచుకొనును. అనంతగిరిలోనైనను, మిర్యాలగూడలోనైనను ఇది ఖర్చులేని వైద్యము.

ఇంటివారికి కొన్ని సూచనలు. వస్తువులను తావు మార్చకుడు. ఒక్కసారి ఒక్క మాటయే చెప్పుడు. ఎదుటికి వచ్చి, మొగము చూచి, చిన్నవాక్యములో. "ఇప్పుడే కదా చెప్పితిమి" అను మాటను ఇంటినుండి వెడలగొట్టుడు. చెప్పినది వారికి లేదు, కోపము మాత్రము మిగులును. పోయిన భర్త సంతనుండి రాలేదేమని అడిగినచో మరణవార్తను ప్రతిమారు క్రొత్తగా వినిపింపకుడు. ఆయనను గూర్చి రెండు మాటలు మాటలాడించుడు. పనిని తీసివేయబోవునప్పుడు మొత్తము తీసివేయక, అందులో ఏ ముక్క మిగిల్చవచ్చునో చూడుడు. కూర వండలేనివారు కూర తరుగగలరు. తరుగలేనివారు కొత్తిమీర గిల్లగలరు.

సేవ చేయువారిని కూడ మరువరాదు. చాలవరకు ఈ భారము ఇంటి కోడలిమీదనో, కూతురిమీదనో పడును. రాత్రి నిద్రలేక, పగలు నిందపడి ఆమె క్రుంగిపోవును. వారమునకు ఒక పూటయైనను ఇంటిలోని మగవారు ఆ పనిని పంచుకొని ఆమెకు విరామము ఇయ్యవలెను. అలసిన చేతులతో పునరుద్ధరణము సాగదు.

సహాయము దూరమున లేదు. సూర్యాపేటలోను, నల్లగొండలోను 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనవి. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకై 2010లో మొదలైన జాతీయ కార్యక్రమము జిల్లా ఆసుపత్రులలో వృద్ధులకు ప్రత్యేక విభాగములు ఏర్పరచుటకు ఉద్దేశింపబడినది. వృద్ధుల ఇబ్బందులకు 14567, మనోవ్యథలకు 14416 అను అంకెలకు టెలిఫోను చేసి, తెలుగులోనే మాటలాడి, రుసుము లేకుండ సలహా పొందవచ్చును.

శ్రోతలారా, ఈ ప్రసంగము ముగిసిన తరువాత మీ ఇంటి పెద్ద దగ్గరకు పోయి ఒక ప్రశ్న అడుగుడు. మందు వేసికొంటివా యని కాదు, అన్నము తింటివా యని కాదు. "మళ్ళ ఏ పని చేయాలని ఉన్నది నీకు?" అని అడుగుడు. జవాబు వెంటనే రాకపోవచ్చును. కొంతసేపు కూర్చుండుడు.